బరంపురం బారిస్టరు - శ్రీ వరాహగిరి వెంకటగిరి

న్యాయశాస్త్ర సదస్సులలో వేదికమీద కూర్చున్న న్యాయమూర్తులను, న్యాయవాదులను సభకు పరిచయం చేయడంలో ఒక వరుస ఉంటుంది. ఫలానావారు ఫలానా కళాశాలలో లా చదివినారు, ఫలానా సంవత్సరంలో సన్నదు పుచ్చుకొన్నారు, ఫలానా పెద్ద వకీలుగారివద్ద జూనియరుగా ఉన్నారు, ఇన్నేండ్లు ప్రాక్టీసు చేసి పిదప జడ్జీ అయినారు అని చెప్తారు. ఆ వరుసలో తప్పేమీ లేదు. కాని ఆ కొలతతో కొలిస్తే, బరంపురంలో పుట్టి భారత రాష్ట్రపతి అయిన వరాహగిరి వెంకటగిరిగారి పరిచయం రెండు ముక్కలలో ముగిసిపోతుంది. 1916లో డబ్లిన్‌లో బారిస్టరు పట్టా పుచ్చుకొని స్వదేశం వచ్చి మద్రాసు హైకోర్టులో పేరు నమోదు చేయించుకొన్నారు. 1920లో ప్రాక్టీసు మానుకొన్నారు. వెరసి నాలుగేండ్ల వకీలు!

అయితే ఆ నాలుగేండ్ల వకీలు కోర్టు వదిలినా లా వదలలేదు. నేర్చిన చదువునంతా కోర్టు గడప తొక్కే స్తోమత లేనివారి పక్షాన వినియోగించినారు. అందులోనూ మొట్టమొదటివారు రైల్వే కార్మికులు. ఒడియా దేశంలో తరతరాలుగా ఉంటూ రైలు పట్టాల వెంబడి బ్రతుకుతున్న మన తెలుగు కుటుంబాలవారు ఆయన కథను తెలిసికొని తీరవలెను. నేనును రైల్వే గుమాస్తానే గనుక ఈ ఉగాది సంచికకు ఆ కథనే ఎన్నుకొన్నాను.

వలస వచ్చిన ఇల్లు

గిరిగారి పెద్దలది గోదావరి సీమలోని చింతలపల్లి. అక్కడినుండి వచ్చి గంజాం జిల్లా బరంపురంలో స్థిరపడినారు. మనలో ఎందరి ఇండ్ల కథో అదే గదా! తండ్రి జోగయ్య పంతులుగారు బరంపురంలో పేరు మోసిన వకీలు, కాంగ్రెసువాది, తరువాతి కాలంలో కేంద్ర శాసనసభ సభ్యులు. తల్లి సుభద్రమ్మగారు. ఆమె ఇంటిపట్టున ఉండిపోయిన ఇల్లాలు కాదు. జాతీయోద్యమంలో దిగి మద్యపాన నిషేధం కోసం నిలిచి అరెస్టు అయిన ధీర. 1894 ఆగస్టు 10వ తేదీన గిరిగారు ఆ ఇంట జన్మించినారు.

ఆనాడు గంజాం మద్రాసు రాజధానిలోని జిల్లా. బరంపురంలోని కళ్ళికోట కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధమైనది. గిరిగారు అక్కడ చదువుకొన్నారు. పెద్ద వకీలు కొడుకు బారిస్టరు కావలెనంటే లండన్‌కు పోవడం ఆ రోజుల్లో వాడుక. గిరిగారు మాత్రం 1913లో ఐర్లండుకు వెళ్ళి, డబ్లిన్ యూనివర్సిటీ కాలేజీలోను, అక్కడి బారిస్టర్ల విద్యాలయమైన కింగ్స్ ఇన్స్‌లోను చేరినారు. ఆయన జీవితం మలుపు తిరిగింది అక్కడనే.

డబ్లిన్ పాఠం

1913లో డబ్లిన్ నగరంలో ఒక పెద్ద కార్మిక పోరాటం జరిగింది. ట్రాము కార్మికులు సంఘంలో చేరరాదని యజమానులు పట్టుబట్టినారు. సంఘం వదలనివారికి పని లేదని గేట్లు మూసినారు. ఆగస్టులో మొదలై మరుసటి జనవరి వరకు సాగిన ఆ పోరులో వేలాది కుటుంబాలు ఆకలితో అలమటించినవి. కార్మికులను నడిపినవారు జేమ్స్ లార్కిన్, జేమ్స్ కానలీ. న్యాయశాస్త్రం చదవడానికి వెళ్ళిన తెలుగు కుర్రవాడు, చట్టం ఎంత ఉన్నా చేతిలో బలం లేనివాడికి అది అందదని ఆ ఊరి వీధుల్లో నేర్చుకొన్నాడు. కాలేజీలో ఆయనకు ఇంగ్లీషు చెప్పిన థామస్ మక్‌డొనా కూడ ఐరిష్ స్వాతంత్ర్య వీరులలో ఒకడు.

డబ్లిన్‌లోని భారతీయ విద్యార్థులు ఊరకే ఉండలేదు. దక్షిణాఫ్రికాలో మనవారు పడుతున్న అవమానాలను గురించి ఒక కరపత్రం అచ్చువేసినారు. అది పోలీసుల కంటబడి సోదాలు జరిగినవి. 1914లో యుద్ధం వచ్చినప్పుడు గిరిగారు లండన్ వెళ్ళి గాంధీజీని కలిసికొన్నారు. గాయపడిన సైనికుల సేవకు రమ్మని గాంధీజీ కోరగా మొదట ఒప్పుకొని, పిదప మనసొప్పక మానుకొన్నారు.

1916 ఏప్రిల్‌లో ఈస్టరు పండుగ మరునాడు ఐరిష్ దేశభక్తులు తిరుగుబాటు చేసినారు. అది విఫలమైనది. కానలీని, మక్‌డొనాను ప్రభుత్వం కాల్చి చంపింది. ఆ దేశభక్తులతో పరిచయాలున్న భారతీయ విద్యార్థి మీద అనుమానం రావడంలో వింత లేదు. అదే ఏడు జూన్ 21న గిరిగారికి బారిస్టరు పట్టా చేతికి వచ్చింది. జూలై 1వ తేదీలోగా దేశం వదలి పొమ్మన్న ఆజ్ఞ కూడ వచ్చింది. యూనివర్సిటీ బి.ఏ. పూర్తి కాకుండానే ఆయన ఓడ ఎక్కినారు.

నల్లకోటు విడిచిన రోజు

ఇంటికి వచ్చిన బారిస్టరుకు లోటేమున్నది? తండ్రిగారికి పెద్ద ప్రాక్టీసు, చేతిలో విదేశపు పట్టా, మద్రాసు హైకోర్టులో సన్నదు. పని బాగానే సాగింది. కాని ఆయన వచ్చిన సంవత్సరంలోనే లక్నో కాంగ్రెసుకు పోయినారు, అనిబిసెంటమ్మగారి హోంరూలు ఉద్యమంలో చేరినారు. 1920లో గాంధీజీ సహాయ నిరాకరణకు పిలుపు ఇచ్చి వకీళ్ళను కోర్టులు వదలి రమ్మన్నప్పుడు, గిరిగారు చేతినిండ పని ఉన్న ప్రాక్టీసును వదలుకొన్నారు. 1922లో కల్లు, సారా దుకాణాల వద్ద పికెటింగు చేసి మొదటిసారి జైలుకు వెళ్ళినారు. వాదించవలసిన బారిస్టరు ముద్దాయి అయి బోనులో నిలిచినాడు.

ఆ సంవత్సరాలలోనే మద్రాసు హైకోర్టులో జరిగిన ఒక వ్యవహారాన్ని ఇక్కడ చెప్పక తప్పదు. మద్రాసు బకింగ్‌హాం మిల్లులో సమ్మె జరిగినందుకు, కార్మిక సంఘాన్ని నడుపుతున్న బి.పి. వాడియాగారి మీద మిల్లు యజమానులు దావా వేసినారు. కూలీలను పురికొల్పి వారికి, కంపెనీకి మధ్యనున్న కాంట్రాక్టు భంగం చేయించినాడని వారి ఫిర్యాదు. హైకోర్టు వాడియాగారి మీద నిషేధపు ఉత్తరువు ఇచ్చింది. సంఘం పెట్టడమే నష్టపరిహారానికి ఈడ్చే తప్పు కాగలదని దానితో తేలిపోయింది. ఈ దెబ్బవల్లనే దేశంలో కలవరం పుట్టి, చివరకు 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది. అంటే గిరిగారు రైల్వే కార్మికులను కూడగట్టడం మొదలుపెట్టిన నాటికి సంఘానికి చట్టం అండ లేదు. ఆ సంగతి లా చదివిన ఆయనకు తెలియనిది కాదు.

రైలు పట్టాల వెంబడి

మన తాతల కాలంలో ఈ దారిన నడిచినది బెంగాల్ నాగపూర్ రైల్వే. ప్రధాన కార్యాలయం కలకత్తాలోని గార్డెన్ రీచ్. పెద్ద వర్క్‌షాపు ఖరగపూరు. కటకం, ఖుర్దా రోడ్డు, బరంపురం, వాల్తేరు అన్నీ దాని స్టేషన్లే. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాలనుండి కూటికోసం బయలుదేరిన తెలుగువారు ఖరగపూరు వర్క్‌షాపులోను, ఈ దారి పొడుగునా గ్యాంగులలోను, లోకోషెడ్లలోను వేలకు వేలుగా చేరినారు. ఊరు కాని ఊరు, భాష కాని భాష. పైఅధికారి దొర. ఉద్యోగం తీసివేస్తే చెప్పుకొనేందుకు దిక్కు లేదు.

అట్టివారి మధ్యకు బరంపురం బారిస్టరు వచ్చినాడు. తెలుగువాడు గనుక గోడు వినగలడు. లా చదివినవాడు గనుక ఆ గోడును కాగితం మీద పెట్టగలడు. పెద్దింటివాడు గనుక దొర ఎదుట కుర్చీ వేసుకొని కూర్చోగలడు. ఈ మూడు గుణాలు ఒకచోట కలిసిన మనిషి ఆ రోజుల్లో అరుదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మిక సంఘానికి ఆయన ప్రాణం పోసినారు. దేశంలోని రైల్వే సంఘాలన్నీ కలిసి అఖిల భారత రైల్వేమెన్స్ ఫెడరేషన్‌గా ఏర్పడినప్పుడు దాని స్థాపకులలో ఒకరై, పదేండ్లకు పైగా ప్రధాన కార్యదర్శిగా ఉన్నారు.

1927, 1928 సంవత్సరాలలో ఖరగపూరులో పెద్ద గొడవ వచ్చింది. కంపెనీ ఖర్చు తగ్గించుకోదలచి మనుషులను పనిలోనుండి తీసివేయసాగింది. గిరిగారి నాయకత్వాన కార్మికులు సమ్మె కట్టినారు. చేయి చేసుకోకుండా, ఆస్తి చెడగొట్టకుండా నడిచిన పోరాటమది. చివరకు కంపెనీ కొంతవరకు దిగిరాక తప్పలేదు. సమ్మె జరిగే కాలంలో కూడ మాట్లాడుకొనే దారి మూసివేయరాదన్నది గిరిగారి పద్ధతి. తలుపు అవతలివారు మూస్తే తట్టవలెను. మనము మాత్రం మూయరాదు.

ఆ దశాబ్దంలో ఆయన ఎక్కని వేదిక లేదు. 1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు అధ్యక్షులు. 1927లో జెనీవా అంతర్జాతీయ కార్మిక మహాసభకు కార్మిక ప్రతినిధి. 1931లో లండన్ రెండవ రౌండ్ టేబుల్ సమావేశానికి కార్మికుల తరపున వెళ్ళినారు. రైల్వే ఉద్యోగులు వారానికి ఎన్ని గంటలు పని చేయవలెనో 1930లో చట్టం హద్దు గీసింది. ఎడతెగక పని ఉండేవారికి 60 గంటలు, నడుమ నడుమ విరామం దొరికేవారికి 84 గంటలు. ఈనాటి మన డ్యూటీ రోస్టర్లకు మూలం అదే. ఇప్పటి కంటికి ఆ గంటలు ఎక్కువే. హద్దే లేని కాలంలో అది మొదటి మెట్టు.

మంత్రి పదవి, రాజీనామా

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనది. బరంపురం ఆ వైపు చేరిపోయింది. పుట్టిన ఊరు ఒక రాష్ట్రంలో, ఓటు అడిగే ఊరు మరొక రాష్ట్రంలో అయినవి. 1937 మద్రాసు శాసనసభ ఎన్నికలలో గిరిగారు బొబ్బిలిలో పోటీ చేసి, జస్టిస్ పార్టీ నాయకుడు, ఆ రాష్ట్ర ప్రధానిగా ఉండిన సాక్షాత్తు బొబ్బిలి రాజావారినే ఓడించినారు. రాజాజీ మంత్రివర్గంలోను, 1946లో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గంలోను కార్మిక శాఖను చూచినారు. నడుమ క్విట్ ఇండియా నాళ్ళలో వేలూరు, అమరావతి జైళ్ళలో గడిపినారు. స్వాతంత్ర్యం వచ్చిన పిదప 1947 నుండి 1951 వరకు సింహళంలో మన హైకమిషనరు. 1952లో పాతపట్నం నుండి లోక్‌సభకు గెలిచి నెహ్రూగారి ప్రభుత్వంలో కేంద్ర కార్మిక మంత్రి అయినారు.

అక్కడ ఈ లా చదివిన మంత్రి చెప్పిన మాట చాలమందికి ఆశ్చర్యం కలిగించింది. యజమాని, కార్మికుల తగవులను ట్రిబ్యునళ్ళకు తోలడం మంచిది కాదని ఆయన వాదం. 1952లో నైనితాల్‌లో జరిగిన త్రైపాక్షిక మహాసభలో దానిని గట్టిగా వినిపించినారు. తీర్పు వచ్చేసరికి ఏండ్లు పట్టుతుంది. గెలిచినవాడు పొంగుతాడు, ఓడినవాడు పగబట్టుతాడు, మరునాడు ఇద్దరూ ఒకే ఫ్యాక్టరీలో పని చేయవలెను గదా! అందుచేత ఇరుపక్షాలు కూర్చుండి తమంత తామే ఒప్పందానికి రావలెను, ప్రభుత్వపు బలవంతపు విచారణ చిట్టచివరి ఆయుధం కావలెనన్నారు. దీనికే గిరి మార్గమని పేరు వచ్చింది. అందరూ ఒప్పుకోలేదు. బలహీనమైన సంఘాలకు ట్రిబ్యునలే రక్ష అని భావించిన కార్మిక నాయకులు సైతం ఉండిరి. వారి భయమూ కొట్టిపారవేయదగినది కాదు.

ఇంతలో బ్యాంకు ఉద్యోగుల జీతాల తగవు వచ్చింది. మద్రాసు హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన పంచాపకేశ శాస్త్రిగారి ట్రిబ్యునల్ 1953లో అవార్డు ఇచ్చింది. దాని మీద అప్పీలు జరిగి 1954లో కార్మిక అప్పిలేటు ట్రిబ్యునల్ తీర్పు చెప్పింది. ఆ తీర్పు బ్యాంకులకు భారమని తలచి ప్రభుత్వం 1954 ఆగస్టులో దానిని సవరించి ఉద్యోగులకు రావలసినదానిలో కోత పెట్టింది. గిరిగారు మంత్రి పదవికి రాజీనామా ఇచ్చివేసినారు.

ట్రిబ్యునళ్ళు వద్దన్న మనిషే ట్రిబ్యునల్ తీర్పు కోసం పదవి వదలినాడు. ఇందులో విరుద్ధమేమీ లేదు. తగవును ధర్మాసనానికి అప్పగించకమునుపు వేయి విధాల ఆలోచించవచ్చును. ఒకసారి అప్పగించిన పిమ్మట అది చెప్పినదానిని పెద్దవాడు తన ఇష్టం వచ్చినట్లు దిద్దరాదు. దిద్దితే ఇక చిన్నవాడు ఎవరిని నమ్మవలెను? ఆయన వెళ్ళిపోయిన తరువాత ప్రభుత్వం ఈ విషయం విచారించడానికి బొంబాయి హైకోర్టు న్యాయమూర్తి రాజాధ్యక్షగారిని నియమించింది. వారు గతించగా, అదే హైకోర్టు న్యాయమూర్తి గజేంద్రగడ్కర్‌గారు పని పూర్తి చేసినారు. పిదప భారత ప్రధాన న్యాయమూర్తి అయినది వీరే. 1955లో వచ్చిన చట్టంతో అప్పిలేటు ట్రిబ్యునల్ తీర్పులో చాల భాగం ఉద్యోగులకు తిరిగి దక్కింది. గిరిగారు ప్రాక్టీసు వదలిన తరువాత గెలిచిన పెద్ద కేసు ఇదేనని నా అభిప్రాయం. దానికి ఆయన చెల్లించిన ఫీజు ఒక మంత్రి పదవి.

తానే కక్షిదారు అయిన వేళ

1957లో పార్వతీపురం లోక్‌సభ స్థానంలో ఆయన ఓడినారు. అది ఇద్దరు సభ్యులను ఎన్నుకొనే నియోజకవర్గం. ఒక స్థానం గిరిజనులకు కేటాయించబడినది. కాని ఎక్కువ ఓట్లు వచ్చిన ఇద్దరు గిరిజన అభ్యర్థులలో ఒకరికి కేటాయించిన స్థానం, రెండవవారైన దిప్పల సూరిదొరగారికి సాధారణ స్థానం దక్కినవి. ఇది చెల్లదని గిరిగారు సుప్రీంకోర్టు వరకు పోరాడినారు. 1959లో కోర్టు ఆయనకు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. గిరిజనుడు కేటాయించిన స్థానంలోనే కాదు, ఓట్లు వస్తే సాధారణ స్థానంలో కూడ గెలువవచ్చునని ఆ తీర్పు సారం. ఓడినవారు గిరిగారు, నిలిచినది ఒక మంచి సూత్రం. ఇద్దరు సభ్యుల నియోజకవర్గాలను 1961లో పార్లమెంటు రద్దు చేసింది.

పిదప ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు గవర్నరు. ఈ మూడింటిలో ఏదీ తెలుగు రాష్ట్రం కాదు. బయటి రాష్ట్రంలో పుట్టి పెరిగిన తెలుగువానికి పరాయిచోట మసలుకోవడం ఉగ్గుపాలతో వచ్చిన విద్యే. 1967లో ఉపరాష్ట్రపతి. 1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుసేన్‌గారు గతించగా తాత్కాలిక రాష్ట్రపతి అయినారు. జూలై 19న 14 బ్యాంకుల జాతీయకరణ ఆర్డినెన్సు మీద సంతకం చేసి, మరునాడు పదవి వదలి స్వతంత్ర అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి నిలబడినారు. ఎదుటి ప్రధాన అభ్యర్థి నీలం సంజీవరెడ్డిగారు. అటూ తెలుగువాడే, ఇటూ తెలుగువాడే. మొదటి ఓట్ల లెక్కలో ఎవరికీ చాలినంత రాలేదు. రెండవ ఓట్లు కలిపి లెక్కించగా గిరిగారికి 4,20,077, రెడ్డిగారికి 4,05,427 వచ్చినవి.

ఆ ఎన్నిక చెల్లదని సుప్రీంకోర్టులో దావా పడింది. రెడ్డిగారిని నిందించే కరపత్రం పార్లమెంటులో పంచబడిందన్నది అందులో ముఖ్యమైన ఆరోపణ. దేశాధిపతిని కోర్టుకు రమ్మనే అలవాటు లేదు. ఇంటివద్దనే సాక్ష్యం తీసికొనే వీలు ఉన్నది. గిరిగారు అది కోరలేదు. 1970లో తానే స్వయంగా సుప్రీంకోర్టుకు వెళ్ళి, సాక్షిగా నిలిచి, ప్రతిపక్షపు వకీళ్ళ ప్రశ్నలకు సమాధానాలు చెప్పినారు. పదవిలో ఉన్న రాష్ట్రపతి అట్లు చేయడం అదే మొదలు. కోర్టు దావా కొట్టివేసింది.

ఆయన రాష్ట్రపతిత్వాన్ని గురించి రెండు మాటలు ఉన్నవి. ప్రధాని ఇందిరాగాంధీగారు పంపిన కాగితాల మీదనెల్ల సంతకం చేసినారని విమర్శ. 1974 మే 8 నుండి 27 వరకు దేశమంతట రైల్వే సమ్మె జరిగింది. నడిపిన సంఘాలలో ముఖ్యమైనది గిరిగారు తమ చేతులతో నిలిపిన ఆ ఫెడరేషనే. వేలమంది జైలుకు పోయినారు, ఎందరో ఉద్యోగాలు పోగొట్టుకొన్నారు. అప్పుడు రాష్ట్రపతి భవనంలో ఉన్నది ఆ పాత ప్రధాన కార్యదర్శిగారే. మంత్రివర్గం సలహా మీదనే రాష్ట్రపతి నడువవలెనన్న మాట నిజమే. అయినను 1954లో పదవి విసరికొట్టిన మనిషిని తలచుకొన్నప్పుడు రైల్వే ఇండ్లలో ఈ 1974 ముల్లు ఇప్పటికీ గుచ్చుకొంటుంది. పెద్దల జీవితం చెప్పేటప్పుడు ఇట్టివి దాచడం వారికి గౌరవం కాదు.

1975లో భారతరత్న బిరుదు వచ్చింది. 1980 జూన్‌లో మద్రాసులో ఆయన కన్నుమూసినారు. నోయిడాలోని జాతీయ కార్మిక విద్యాసంస్థకు ఆయన పేరు పెట్టినారు. ఆనాటి బెంగాల్ నాగపూర్ రైల్వే ఇప్పుడు లేదు. బరంపురం స్టేషను 2003 నుండి భువనేశ్వర్ కేంద్రంగా ఉన్న తూర్పు కోస్తా రైల్వేలో ఉన్నది.

మన ఇండ్ల పిల్లలు నేడు బరంపురం లింగరాజ్ లా కాలేజీలోను, కటకం మధుసూదన్ లా యూనివర్సిటీలోను చదువుతున్నారు. వారిలో కొందరు రేపు పెద్ద లాయర్లు, జడ్జీలు అవుతారు. సదస్సులలో వారి పరిచయాలు పొడుగ్గా చదువుతారు. సంతోషమే. ఆ పరిచయపత్రంలో ఎన్నేండ్లు ప్రాక్టీసు చేసినారన్న గడితో పాటు, ఎవరి గోడును కాగితం మీద పెట్టినారన్న గడి కూడ నిండవలెనని కోరుకొందాము. మాట్లాడుకొని తీర్చుకోగల తగవును మాట్లాడుకొని తీర్చడం, తీర్పుకు వదలినదానిని తీర్పు ప్రకారం చెల్లించడం అను రెండు పాఠాలు బరంపురం బారిస్టరు మనకు విడిచిపోయిన ఆస్తి. ఈ కొత్త సంవత్సరంలో మన ఇండ్లలోను, మన సంఘంలోను అవి చెల్లుబడి అగుగాక!